సరుగుడుపాలెంలో పడవలు లేవు

పెదరేవు, భీమిలి దగ్గర
14 సెప్టెంబరు 2023

వరహాలు బావకి తాతబాబు రాసేది,

వారం నుంచీ నీకు ఫోను సేత్తన్నాను. ఆ గుజరాతీ ఆడమనిషి ఏటో సెప్పి పెట్టీసుద్ది తప్ప నువ్వు పలకవు. సముద్రం మీదున్నోడివి, దరికెప్పుడొత్తావో మా గౌరికే తెలీదు. పెళ్ళానికే తెలీనిది బావమరిదికేం తెలుత్తాది? అందుకని వెరావల్‌లో మీ సేటు షెడ్డు అడ్రసు దాని దగ్గర తీసుకుని ఉత్తరం రాత్తన్నాను. ఒడ్డెక్కినప్పుడు సదువుకో. ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అంటానే నిద్రపోతావు. కాగితమైతే నిద్ర లేచేక కూడా ఉంటాది.

ఇక్కడందరం బాగున్నామని రాద్దామంటే సెయ్యి రావట్లేదు. మా రేవు మీదికి గాలి కంపెనీ వొచ్చింది. లోతు సముద్రంలో గాలిమరలు పాతుతారంట. ఒక్కో రెక్క మా వీధంత పొడుగంట. ఆటిని ఓడలెక్కించడానికి జెట్టీ కావాలి, అక్కడ పుట్టిన కరెంటు తీగ ఒడ్డెక్కడానికి సోటు కావాలి. ఆ రెండూ మా రేవులోనేనంట. మేం పడవలు లాగే సోటు, వలలు ఆరేసే సోటు, మొత్తం. సర్కారు కాగితాల్లో అది పోరంబోకు.

నిన్న బడి దగ్గర టెంటేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. స్టేజీ మీద ఆఫీసర్లు, సుట్టూ పోలీసులు, మా సేతికి నీళ్ళ సీసాలు. కంపెనీ ఇంజినీరు కుర్రోడే, మర్యాదస్తుడే. తెర మీద మా రేవు ఫొటో ఏసి, ఇక్కడ ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు, ఈ కరెంటుకి పొగ కూడా ఉండదు అన్నాడు. నాను లేచాను. బాబూ, నువ్వు ఫొటో తీసిన యేళకి మా పడవలన్నీ సముద్రంలో ఉంటాయి, ఇసక మీదుంటే మేం ఏం తినాలి అని అడిగాను. పొగుండదన్నావు, నిజమే, రేవు పోతే మా పొయ్యిల్లోనూ ఉండదు అన్నాను. జనం సప్పట్లు కొట్టారు.

అయినా నిన్నటి రోజు నాది కాదు బావా, మా గౌరిది. మీ సరుగుడుపాలెం ఆడోళ్ళని ఆటోల్లో ఎక్కించుకుని దిగిపోయింది. మైకు ఇమ్మని ఆఫీసర్నే అడిగింది. "ఇది నా పుట్టిల్లు. ఇక్కడ సేపలు దిగితేనే అక్కడ మా పాలెంలో తట్టలు నిండుతాయి. ఈ రేవు మూసెయ్యాలంటే ముందు మమ్మల్ని అడగాలి" అని సెప్పింది. దాని గొంతు వణకలేదు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సిన్నప్పుడు బళ్ళో పద్యం సెప్పమంటే నా ఎనకాల దాక్కునీది.

సంగం ప్రెసిడెంటుగిరీ నా నెత్తినేసారు. పగలు ఆఫీసులు, తెల్లారగట్ల యేట. వంజరం సేప ఇంకా పడట్లేదు. నీ ఒళ్ళు జాగ్రత్త, మోకాలికి తడి తగలనీకు.

నీ బావ
తాతబాబు


వెరావల్
11 అక్టోబరు 2023

తాతబాబు బావా,

నిన్న ఒడ్డెక్కాను. సేటు గుమస్తా నీ కవరు నా సేతిలో పెట్టి, ఊరి నుంచి ఉత్తరమా, ఎవులైనా పోయారా అని అడిగాడు. ఈ రోజుల్లో ఉత్తరమంటే సావు కబురే అనుకుంటారు గావాల.

మా గదిలో గట్టిగా సదివి ఇనిపించాను. గది అంటే తెలుసుగా, సరుగుడుపాలెం మగోళ్ళందరం ఇందులోనే. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలానికే ఇల్లు. మా తెప్పలు సరుగుడు తోటలో తిరగేసి తాటాకు కప్పి వొచ్చాం. ఇప్పుడు మా ఇసక మీద పీతలు తప్ప మగపురుగు ఉండదని మా కుర్రోళ్ళు నవ్వుతారు. నీ పొయ్యి మాటకి మాత్రం ఎవులూ నవ్వలేదు.

గౌరి మాట్టాడిందని సదివినప్పుడు, సత్తిప్రమాణంగా సెప్తన్నాను బావా, ఈ ట్రాలరొదిలేసి వొచ్చీయాలనిపించింది. ఇరవై రోజులు ఐసూ, డీజిలూ, పడవ నడిపే తాండేలు తిట్లూ. ఈ సముద్రం మనది కాదు. నీళ్ళు ఉప్పగానే ఉంటాయి, రంగే ఏరు. మీ రేవు పోతే ఊళ్ళో మిగిలినోళ్ళంతా కూడా ఇక్కడికే రావాలి. ఈ గదిలో ఇంక సాప ఏసుకునే సోటు నేదు.

ఒదలకు బావా. మా పాలెం సంతకాలు కావాలంటే గౌరికి సెప్పు, ఇంటింటికీ తిరిగి పెట్టించి ఇత్తాది. మా దేవి ఇంటరు పాసయిందంట గదా, దాన్ని ఎనకాల కాగితాలు రాయడానికి పెట్టుకో. మేనమామ ఉద్యోగమిచ్చాడని మురిసిపోద్ది.

వరహాలు


పెదరేవు
20 జనవరి 2024

బావకి,

పర్మిషను ఇచ్చీసారు. మేం మాట్టాడిందంతా కాగితాల్లో ఒక్క ముక్కయిపోయింది: 'స్థానికులు కొన్ని సందేహాలు వ్యక్తం చేశారు, వాటిని నివృత్తి చేయడమైనది.' ఎవులు సేసారో, ఎప్పుడు సేసారో ఆ దేవుడికే తెలియాలి.

కోర్టుకెళ్ళాం. గాజువాకలో అనూరాధమ్మ అని లాయరమ్మ ఉంది. స్టీలుప్లాంటుకి ఊరొదిలేసి వొచ్చినోళ్ళ మనవరాలు. సోటు పోయినోళ్ళ కేసంటే ఫీజు మాటెత్తదు. ఇలాంటి కేసులు చెన్నైలో ఏరే కోర్టులో ఇంటారంట. నన్ను కూడా తీసుకెళ్ళింది. రైల్లో రాత్రంతా నాకు కునుకు నేదు. జడ్జీలు అడిగిందీ, వాళ్ళు సెప్పిందీ అంతా ఇంగ్లీషే. మధ్యలో 'పెదరేవు' అన్న మాట మాత్రం ఇనబడింది. మన ఊరి పేరు అంత సల్లటి గదిలో పలకడం నాకేటోలా అనిపించింది.

లాయరమ్మ సెప్పేదేటంటే, కంపెనీ ఇంకో సోటు ఎతికిందా నేదా అన్నదే మనకి గట్టి పట్టు. ఎతకాలని రూలుంది. వాళ్ళు ఎతకలేదు. మనం ఊరికే ఎతకలేదంటే సాలదు, ఫలానా సోటుంది, అక్కడ ఇంత నష్టముండదు అని మనమే సూపిత్తే ఇంక వాళ్ళకి మాటుండదు. ఈ తీరం నాకు తెలిసినట్టు ఎవులికి తెలుసు బావా? ఆ ముక్క నాను రాయించాను. దాన్ని అఫిడవిట్టు అంటారు, ప్రమాణం సేసి సంతకం పెట్టాలి. పెట్టాను.

దేవి కాగితాలు ముచ్చటగా సర్దుతాది. అఫిడవిట్టు పని మాత్రం దానికియ్యలేదు, అదంతా గాజువాకలోనే జరిగిపోయింది.

ఎండాకాలం వొచ్చినప్పుడు తీరిగ్గా మాట్టాడుకుందాం.

తాతబాబు


పెదరేవు
30 సెప్టెంబరు 2024

బావా,

గెలిసాం!

ఈ ఉత్తరం ఇంక రాయక్కర్లేదు, గౌరి ఫోన్లో సెప్పే ఉంటాది. అయినా నా సేత్తో రాసి సంతకం పెట్టాలనిపించింది. చెన్నై కోర్టు పర్మిషను కొట్టీసింది. ఇంత మంది బతికే రేవుని ఖాళీ అని ఎలా రాసారని కంపెనీని నిలదీసారంట. ఏరే సోటు సూసుకుని మళ్ళీ మొదట్నుంచీ రమ్మన్నారు.

ఊళ్ళో డప్పులు తెల్లారేదాకా ఆగనేదు. అమ్మోరికి పసుపునీళ్ళ ముర్రాటలు పోసారు. మా గౌరి అందరి మధ్యలో ఆడింది. నీ పెళ్ళాం ఆడగా ఎప్పుడైనా సూసావా? సూళ్ళేదు గదా. నష్టపోయావు. నన్ను భుజాల మీదెత్తి రేవు సుట్టూ తిప్పారు. పైనుంచి పడవలన్నీ వరసగా కనబడ్డాయి. నాకు సాలు బావా, ఈ జన్మకి.

ఎండాకాలంలో నువ్వొచ్చినప్పుడు కేసు కోర్టులో నలుగుతా ఉంది, నీతో సరిగ్గా మాట్టాడలేపోయాను. ఎదురుపడితే తప్పించుకున్నానని గౌరి అన్నాది. అలాటిదేం నేదు. తల ఏడెక్కిపోయి ఉండీది.

తాతబాబు


వెరావల్
2 నవంబరు 2024

బావా,

గదిలో అందరికీ నా డబ్బుల్తో కోడి తెచ్చి ఒండించాను. మా తాండేలు కాకినాడ దగ్గరోడు, సూర్యారావు అని. కోర్టుకెక్కి కంపెనీని ఆపిన మనిషి మీ బావమరిదేనా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. అవునని ప్రతిసారీ సెప్పాను. నాను సేసిందేం నేకపోయినా నా రొమ్ము పెద్దదయిపోయింది.

వరహాలు


వెరావల్
18 జనవరి 2025

తాతబాబు బావా,

ఈసారి సంతోషం కబురు కాదు. నీకు తెలిసే ఉంటాది.

ఒడ్డెక్కి ఫోను సెయ్యగానే గౌరి ఏడుపు. మన సరుగుడుపాలెం ఇసక మీద ఎర్ర జెండాలు పాతారంట. అదే కంపెనీ. అదే ఇంజినీరు. ఎవులూ అడ్డుకోలేదు, అడ్డుకోడానికి మగోళ్ళెవులున్నారు? ఎండేసిన సేపల పక్కనుంచే గొలుసు లాగి కొలుసుకుని, ఫొటోలు తీసుకుని ఎళ్ళిపోయారంట. గౌరి ఎదురెళ్ళి అడిగితే, ఇక్కడ పడవలేవీ కనబడట్లేదమ్మా అన్నాడంట.

కనబడవు మరి! జనవరిలో ఎలా కనబడతాయి? మా తెప్పలు తోటలో ఉన్నాయి, మేం గుజరాత్‌లో ఉన్నాం. ఇదే ఇంజినీరుకి నువ్వు మీ రేవులో సెప్పిన సమాధానమే ఇక్కడా సెప్పాలి. నీకంటే బాగా ఎవులు సెప్పగలరు?

ఒక్కసారి మీ లాయరమ్మ దగ్గరికెళ్ళు బావా. గౌరిని కూడా తీసుకెళ్ళు. మీరు గెలిసిన కాగితాలే మాకూ పనికొత్తాయి గదా. నాను ఏప్రిల్ దాకా కదలలేను, కదిలితే సేటు లెక్క సెటిలు సెయ్యడు. అందాకా మా పాలేన్ని నీ సేతుల్లో పెడతన్నాను.

వరహాలు


పెదరేవు
6 ఫిబ్రవరి 2025

బావకి,

నీ ఉత్తరం అందింది. కంగారు పడకు. కొలతలు తీసుకున్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఇలాటివి సంవత్సరాలు పడతాయి.

అనూరాధమ్మ పెద్ద కేసుల్లో తిరుగుతా ఉంది, దొరకట్లేదు. దొరికినా ఇప్పుడే ఎళ్ళడం తొందర అవుతాది, ముందు వాళ్ళు అప్లికేషను పెట్టాలి. ఇంకో సంగతి కూడా ఆలోసించు. జెట్టీ వొత్తే ఉద్యోగాలిత్తారంట. నువ్వు ఆ మోకాలితో ఇంకెన్నాళ్ళు ఐసు మొయ్యగలవు? సొంతూళ్ళో వాచ్‌మేన్ పనైనా గుజరాత్ కన్నా నయమే గదా. కోపం తెచ్చుకోకు, సెప్పాలనిపించి సెప్పాను.

గౌరి ఇటు రావట్లేదు. ఒంట్లో బాగోలేదేటో కనుక్కో.

తాతబాబు


వెరావల్
15 మార్చి 2025

బావా,

నీ ఉత్తరం నాలుగు సార్లు సదివాను. ఇది నువ్వు రాసినట్టు నేదు. మీ రేవుకొచ్చినప్పుడు ఉద్యోగాలిత్తామంటే, ఓడ కింద పడ్డ పీతకి ఓడలో సోటిత్తారా అన్నోడివి నువ్వు. మాకొచ్చేసరికి వాచ్‌మేన్ పని నయమైపోయింది.

ఇక్కడ గదిలో ఒక మాట తిరుగుతా ఉంది. రాయకూడదనుకున్నాను. నువ్వు కొత్త ఇంజను ఏయించావంట. కేసు గెలిసినోడు ఇంత సల్లగా ఎందుకున్నాడు, కంపెనీ ఏటైనా ముట్టజెప్పిందా అంటన్నారు. అన్నోడి సొక్కా పట్టుకున్నాను, తాండేలు ఇడిపించాడు. నాను నమ్మను. కానీ నమ్మట్లేదని నీకు రాసి, నీ నోటితో కాదనిపించుకోవాలనుంది. అంతే.

వరహాలు


పెదరేవు
28 మార్చి 2025

వరహాలుకి,

నాను లంచం తిన్నానా? నీ కలానికి ఆ మాట ఎలా వొచ్చింది?

ఆ ఇంజను సంగం లోనులో వొచ్చింది. కావాలంటే మత్స్యశాఖ ఆఫీసులో అడుక్కో. ఆ కంపెనీ సేతి టీ కూడా నాను తాగనేదు. మా ఊరి కోసం మూడుసార్లు చెన్నై ఎళ్ళి, రైల్లో తలుపు దగ్గర కూకుని వొచ్చినోణ్ణి. నా సెల్లి మొగుడివి, పడుకునే గదిలో నలుగురు కూసిన కూత మోసుకొచ్చి నా ముందేసావు. నమ్మననుకుంటానే రాసావు. నమ్మనోడు రాయడు.

ఇంక నాకు ఉత్తరం రాయొద్దు.

తాతబాబు


సరుగుడుపాలెం
11 జూన్ 2025

తాతబాబుగారికి,

రాయొద్దన్నావు. నీ ఊరికి నడిసొచ్చేంత దూరంలోనే ఉన్నాను, అయినా రాత్తన్నాను. మీ గడప తొక్కలేను గనక.

నిన్న మా పాలెంలో పెట్టిన ప్రజాభిప్రాయ మీటింగులో నువ్వూ ఉన్నావు. ఏం జరిగిందో నీకు సెప్పక్కర్లేదు. కానీ నాకు కనబడినట్టు నీకు కనబడుండదు.

పొద్దున్నే మా తెప్పలన్నీ తోటలోంచి మోసుకొచ్చి, ఆఫీసర్లకి కనబడేలా టెంటు ముందే వరసగా పెట్టాం. నువ్వు సైకిలు దిగి వొచ్చావు. నాకు సిగ్గేసింది. లంచమని రాసినందుకు నీ సేతులు పట్టుకున్నాను. ఏటో అనబోయావు, ఇనకుండా తీసుకెళ్ళి ముందు వరస కుర్సీలో కూకోబెట్టాను. మా వోళ్ళందరికీ సెప్పాను, పెదరేవుని నిలబెట్టినోడొచ్చాడు, ఇంక మనకి బెంగ నేదని.

నువ్వు లేచావు. ఈ పాలెంలో తెప్పలున్నాయి, ఎండాకాలమంతా ఇక్కడే యేట సేత్తారు, ఇదిగో సూడండి అన్నావు. ఆ మాటకి నాను దణ్ణం పెట్టుకున్నాను.

ఆ పెద్దాఫీసరు కోపగించుకోలేదు. అదే నాకు ఇప్పటికీ భయమేత్తాది. కాగితాలు తిరగేసి, తాతబాబు మీరేనా అన్నాడు. పెదరేవు మత్స్యకారుల సంఘం అధ్యక్షులు మీరేనా అన్నాడు. అవునన్నావు. అప్పుడు మైకులోనే సదివాడు: "ప్రత్యామ్నాయంగా సరుగుడుపాలెం తీరం అందుబాటులో ఉన్నది. అక్కడ వేట పడవలు నిలపడం లేదు. ఆ తీరంపై ఆధారపడి జీవించు కుటుంబాలు లేవు." సదివి, "ఇది కోర్టులో మీరు ప్రమాణం చేసి ఇచ్చింది. సంతకం మీదేనా?" అని అడిగాడు.

నువ్వు కాదంటావని సూసాను. ఎవులో రాసి సంతకం పెట్టించుకున్నారంటావని సూసాను. నాదేనండి అని కూకున్నావు.

ఎనకాల మా ముసలోడొకడు, మరి ఈ తెప్పలు ఎవులివిరా అని అరిసాడు. ఆఫీసరు ఇంజినీరు ఏపు సూసాడు. మీటింగు కోసం తెచ్చి పెట్టినట్టున్నారు సార్ అన్నాడా కుర్రోడు. వాడి తప్పు కూడా నేదు. నిజంగానే తెచ్చిపెట్టాం.

నీ సెల్లి పక్కనే ఉన్నాది. మైకు తెచ్చి ఇచ్చారు, తీసుకోనేదు.

ఈ రోజు గాజువాక ఎళ్ళి అనూరాధమ్మని కలిసాను. ఆవిడ నా మొహం సూసి సెప్పింది. అప్పుడు ఆయన్ని ఒకటికి రెండుసార్లు అడిగానండి, అక్కడ బతికేవాళ్ళెవరూ లేరా అని. లేరనే చెప్పారు అంది. మా కేసు తీసుకోలేనంది. ఒక సోట నా సేత్తో నిజమని ఇచ్చింది ఇంకో సోట అబద్ధమని ఎలా వాదించనంది. ఏరే లాయరు పేరు రాసిచ్చింది. ఆ లాయరు కూడా మొదట నీ కాగితమే అడిగాడు.

నువ్వు డబ్బు తినలేదు. తినుంటే బాగుండీదని ఇప్పుడనిపిత్తాంది. డబ్బుకి ఆశపడ్డాడులే అనుకుని ఎప్పటికైనా మాట్టాడీవోణ్ణి.

వరహాలు


పెదరేవు
15 జూన్ 2025

బావా,

నువ్వు పిలవకపోయినా నాను బావా అనే రాత్తాను.

అవును, అక్కడ బతికేవోళ్ళు నేరని సెప్పాను. రెండోసారి అడిగినప్పుడు కూడా. ఆ రోజు నా ఎనకాల ఊరంతా ఉన్నాది. మూడొందల గడపలు. మీ పాలెం ఇరవై గడపలుండదు, అందులోనూ మగోళ్ళు ఎనిమిది నెలలు ఊళ్ళో ఉండరు. ఎక్కడో ఒక దగ్గర ఆ జెట్టీ దిగక తప్పదు, ఢిల్లీ నుంచి ఒత్తిడి ఉన్నాదని లాయరమ్మే అన్నాది. మా మెడ మీద కత్తి ఉన్నప్పుడు పక్క మెడ సూపించాను. ఆ మెడ మా సెల్లిదని నాకు తెలీదా? తెలుసు. తెలిసే ఆ పేరు రాయించాను.

కోర్టు గెలిత్తే కంపెనీ ఎనక్కి పోద్దనుకున్నాను. సోటు పేరు సెప్పడం వాదన కోసమే, నిజంగా అక్కడికి ఎవులెళ్తారు, సరైన రోడ్డే నేదు గదా అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టీది. తరవాత నువ్వు సాయం అడుగుతా ఉత్తరం రాసావు. ఏం రాయాలి? నీకు ఉద్యోగమొత్తాదని రాసాను. అది రాసి నా మీద నాకే అసహ్యమేసింది, ఆ కోపం నువ్వు లంచమనగానే నీ మీద తీర్సుకున్నాను.

అయినా ఒక్కటి సెప్పు. నువ్వు నా సోట ఉంటే, నీ సరుగుడుపాలెం పేరు తీసి మా పెదరేవు పేరు రాయించేవోడివి కాదా? గుండె మీద సెయ్యేసుకుని సెప్పు. కాదంటే నీ కాళ్ళకి దణ్ణం పెడతాను.

ఇక్కడ జనం నన్ను ఇంకా నెత్తి మీదే పెట్టుకున్నారు. మీ మీటింగులో నాను లేచి మాట్టాడినందుకు మాత్రం కోపంగా ఉన్నారు. నీ సంతకం అబద్ధమని తేలితే మన కేసు మళ్ళీ తిరగబడుద్ది, నోరు మూసుకో అంటన్నారు. మూసుకున్నాను.

గౌరిని ఒక్కసారి ఫోను ఎత్తమను.

తాతబాబు


వెరావల్
3 నవంబరు 2025

అన్నకి గౌరీశ్వరి రాసేది,

ఆయన నీకు జవాబు రాయలేదు.  నీ కాగితం మడిసి నాకిచ్చీసి యేటకెళ్ళిపోయాడు. అందుకని నాను రాత్తన్నాను.

ఆగస్టులో పర్మిషను వొచ్చీసింది. తోట కొట్టీసారు. తెప్పలున్నోళ్ళకి, మత్స్యకారుల కార్డులున్నోళ్ళకి పరిహారమిచ్చారు. మాకూ వొచ్చింది, ఆ డబ్బుల్తోనే రైలెక్కాం. ఇల్లు తాళమేసి వొచ్చాను, తాళం ఎందుకేసానో తెలీదు. ఇక్కడ రొయ్యలు ఒలిసే షెడ్డులో పనికెళ్తన్నాను. మన పక్క ఆడోళ్ళు సాలామందే ఉన్నారు. పొద్దున్న ఐసులో సెయ్యి పెడితే సాయంత్రానికి వేళ్ళు నావి కావు. గోళ్ళ కింద పుళ్ళు పడ్డాయి, రాత వంకరగా ఉంటాది, సర్దుకో.

మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలు దేవి నాకు సదివి ఇనిపించింది. నీవి ఆయన దాసుకున్నాడు, ఆయనవి నువ్వు దేవి సేతికిచ్చి పంపావు గదా, నీ బాధ నాకు తెలియాలని. తెలిసింది అన్నా. కానీ ఒక్కటి సూసాను. నువ్వు పడవలు నేవని రాయించావు. ఆయన తెప్పలున్నాయని మోసుకొచ్చి పెట్టాడు. నువ్వు మగోళ్ళు ఎనిమిది నెలలు ఉండరన్నావు. ఆయనా అదే అన్నాడు. మరి ఆ ఎనిమిది నెలలూ ఆ ఇసక ఎవులు ఊడ్సారు? నీ రేవులో సేపలు కొనుక్కుని, తట్టెత్తుకుని నడిసొచ్చి, ఆ ఇసక మీద ఎండేసి, కాకుల్ని తోలి, వానొత్తే ఏరుకుని, భీమిలి సంతకి మోసింది నాను. నాతో పాటు ఇంటికొక ఆడది. నువ్వు రోజూ సూసావు. తట్ట నా నెత్తికెత్తింది నువ్వే సాలాసార్లు. నీ కాగితంలో మేం నేం. మా ఆయన పేర్సిన వరసలోనూ మేం నేం. అందుకే ఆ రోజు మైకు తీసుకోలేదు. ఎవులి తరపున మాట్టాడాలో తెలీలేదు.

నీ రేవు నిలబడినందుకు నాకు ఇప్పటికీ ఏడుపు రాదు. మన అమ్మ అక్కడే సేపలమ్మింది. అది పోకూడదు. ఆ రోజు ఆడినందుకు కూడా నాకు సిగ్గు నేదు. ఎవులి మీద ఆడుతున్నానో తెలీదు, అంతే. నువ్వు ముందే వొచ్చి, గౌరీ, నీదో నాదో ఒక్కటే మిగులుద్దే అని నా మొహం మీద అడిగుంటే ఏమనీదాన్నో నాకే తెలీదు. అడగలేదు గదా.

దేవికి పెళ్ళి కుదిరింది. ఇక్కడే పని సేసే కుర్రోడు, సోంపేట వైపు వోళ్ళు, మంచోళ్ళు. పెళ్ళి కూడా ఇక్కడే, వొచ్చే నెల. నీకు కబురు సెయ్యొద్దని ఆయన అన్లేదు. సెయ్యమనీ అన్లేదు. దేవి మాత్రం, మావయ్య వొత్తాడా అని ఒక్కసారి అడిగింది, మళ్ళీ అడగలేదు.

పెళ్ళికూతుర్ని బుట్టలో కూకోబెట్టి పీటల మీదికి ఎత్తుకొచ్చీది మేనమామే గదా. అబ్బాయి వోళ్ళు ఎవులెత్తుతారని అడిగారు. మా ఆయన పడవ తాండేలు సూర్యారావు గారిని అడిగాం. ఆయన కాకినాడాయన. మనకేమీ కాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు.

గౌరీశ్వరి